ఇల్లు నడుస్తది సరే, ఆగేదెక్కడ?

రండి, ఇట్లా ముందుకు జరిగి కూర్చోండి. పుష్యమాసపు చలి, నెగడు ఇంకా సరిగ్గా అంటుకోలేదు. పత్తికట్టె కదా, అంటుకుందంటే భగ్గున లేస్తుంది, చూస్తుండగానే బూడిదవుతుంది. ఎవరో ఒకరు కట్టె వేస్తూనే ఉండాలి. ఆ పని మీది, ముచ్చట నాది.

ఈ మధ్య మా ఇంట్లో పిల్లలకు ఒక పిచ్చి పట్టింది. ఫోను తెరిస్తే చాలు, జర్మనీ జంట ఒకటి పాత మిలిటరీ లారీ కొని, దాని మీద డబ్బా కట్టి, డబ్బాలో మంచం, పొయ్యి, స్నానాల గది పెట్టుకుని ఏ మొరాకోలోనో, మంగోలియాలోనో తిరుగుతుంటారు. సాయంత్రానికి ఎడారి మధ్యలో ఆపుకుని కాఫీ కాచుకుంటారు. అది చూసి మావాళ్లు నన్ను పట్టుకున్నారు: "తాతా, మనం గూడ ఒక లారీ కొందమా?"

కొందాం, మా పరకాలలో లారీలకు కరువా? మహదేవపూర్ వైపు నుంచి గోదావరి ఇసుక, భూపాలపల్లి నుంచి బొగ్గు, మన జిన్నింగు మిల్లుల నుంచి పత్తి బేళ్లు. 353సీ జాతీయ రహదారి పక్కన టీ కొట్టులో పావుగంట కూర్చుంటే పది టైర్లవి, పన్నెండు టైర్లవి, పదహారు టైర్లవి అన్నీ మీ గ్లాసులో దుమ్ము పోసి పోతాయి. కొనడం సంగతి తర్వాత. అసలు లారీలో ఇల్లు ఎట్లా ఉంటుందో లెక్క వేద్దామని పిల్లలతో కూర్చున్నాను. ఆ లెక్కే మీకూ చెబుతాను.

ముందు జాగా. మన రోడ్ల మీద బండి వెడల్పు 2.6 మీటర్లకు మించకూడదు. గోడల మందం పోగా లోపల ఎనిమిది అడుగులు మిగులుతుంది. పది టైర్ల లారీ బాడీ పొడవు ఇరవై రెండు అడుగులనుకోండి. మన భాషలో చెప్పాలంటే ఇరవై గజాల కంటే జరంత తక్కువ ఇల్లు. ప్లాటు అమ్మేవాడు ఇరవై గజాలంటే మనం నవ్వి వెళ్లిపోతాం. కానీ ఎనిమిది అడుగుల వెడల్పులో అడ్డంగా మంచం పడుతుంది, నిలువునా ఒక బల్ల, వంటగట్టు, మూలకు తడకంత స్నానాల గది. నలుగురు ఒకరినొకరు తిట్టుకోకుండా మూడు రోజులు గడపవచ్చు. నాలుగో రోజు సంగతి నేను హామీ ఇవ్వను.

తర్వాత బరువు. ఇక్కడే గమ్మత్తు ఉంది. పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితి పాత రోజుల్లో 25 టన్నులు, 2018లో దాన్ని 28.5 టన్నులకు పెంచారు. బండి సొంత బరువు తీసేస్తే పద్దెనిమిది టన్నులకు పైగా మోయగలదు. మన మంచాలూ బీరువాలూ నీళ్లూ గ్యాసూ అన్నీ కలిపినా నాలుగైదు టన్నులు దాటవు. మంచిదే కదా అంటారు. కాదు. వెనక కమాన్ కట్టలు పద్దెనిమిది టన్నుల కోసం కట్టినవి. అంత లోడు పడితేనే అవి వంగి, గుంతను తమలో దాచుకుంటాయి. ఖాళీ లారీ వెనక ఎక్కి వచ్చినవాళ్లను అడగండి, నడుము సంగతి చెబుతారు. ఇల్లు కట్టిన లారీ కూడా కమాన్ లెక్కలో ఖాళీ లారీయే. స్పీడు బ్రేకరు దగ్గర గిన్నెలన్నీ ఒక్కసారిగా లేచి చప్పట్లు కొడతాయి. అందుకే ఈ పని తెలిసినవాళ్లు కట్టలో కొన్ని పట్టీలు తీసేస్తారు, లేదంటే గాలి బెలూన్ల సస్పెన్షన్ వేయిస్తారు.

ఇంకో సంగతి. లారీ ఛాసిస్ గట్టి ఇనుమని మనం అనుకుంటాం. నిజానికి ఒక ముందు చక్రం గుంతలో, అదే పక్క వెనక చక్రం గడ్డ మీద పడితే ఛాసిస్ తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. పడాలి కూడా, లేకపోతే విరుగుతుంది. మరి దాని మీద బిగించిన ఇల్లు మెలిపడదు కదా! మూలలు పగులుతాయి, తలుపు పట్టేస్తుంది, కిటికీ అద్దం ఠప్పుమంటుంది. అందుకే జర్మనీవాళ్లు ఇంటిని ఛాసిస్‌కు నేరుగా బిగించరు. మధ్యలో ఇంకో ఫ్రేము పెట్టి, మూడు నాలుగు చోట్ల కీళ్ల మీదో, స్ప్రింగుల మీదో నిలబెడతారు. కింద బండి మెలికలు తిరిగినా పైన ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. ఇది విని మా పాత బాడీ మేస్త్రీ ఒకాయన నవ్వాడు. "మేం కర్ర బాడీ కట్టినప్పుడు ఛాసిస్ మీద కర్ర పట్టీ వేసి, యూ బోల్టులతో పట్టేటోళ్లం. అందుకే కిర్రుకిర్రుమనేది. కిర్రుమంటున్నదంటే విరుగతలేదని అర్థం" అన్నాడు. ఆయన బడికి పోయింది తక్కువే.

జర్మనీ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. ఆ దేశంలో ఇళ్లుగా మారిన లారీల్లో పాత మెర్సిడెస్ బండ్లకు గొప్ప పేరు. ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన గుండ్రటి బానెట్టు, అగ్నిమాపక శాఖలో చాకిరీ చేసి రిటైరైన శరీరం. వాటిని చూస్తే మనకు ఎక్కడో చూసినట్టు ఉంటుంది. ఉండదా మరి! టాటావాళ్లు 1954లో డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టడం మొదలుపెట్టారు. 1969లో ఒప్పందం ముగిసేదాకా మన లారీల ముక్కు మీద మెర్సిడెస్ నక్షత్రమే ఉండేది. ఒకే ఇంట పుట్టిన బండ్లన్నమాట. అక్కడివి ముసలితనంలో లోకం చూడటానికి బయలుదేరాయి. ఇక్కడివి పాత ఇనుప సామాను కింద పోయాయి.

నీళ్ల లెక్క కూడా చూద్దాం. లీటరు కిలో. ఐదు వందల లీటర్ల ట్యాంకు అంటే అర టన్ను. నలుగురు పొదుపుగా వాడుకుంటే నాలుగు రోజులు. బండి మలుపు తిరిగినప్పుడు ఆ అర టన్ను తొణికి ఒక పక్కకు తోస్తుంది, అందుకే ట్యాంకర్లలో లోపల అడ్డు పలకలు పెడతారు. ఇంటి లారీలోనూ అంతే, ట్యాంకు ఎంత కిందుంటే అంత మేలు. వచ్చే నీళ్ల సంగతి ఇది. పోయే నీళ్ల సంగతి ఎవరూ వీడియోలో చూపించరు. మరుగుదొడ్డి డబ్బా నిండితే ఎక్కడ పారబోయాలి? యూరప్‌లో దానికి చోట్లు కట్టి పెట్టారు. మనకు పెట్రోలు బంకు దిక్కు, ఆ బంకాయన మంచోడైతే.

ఇక ఎండ. బొగ్గు గనుల బెల్టులో రోహిణి కార్తె అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇనుప డబ్బాలో మధ్యాహ్నం ఉంటే అప్పడం వేరే కాల్చక్కర్లేదు. గోడల్లో రెండున్నర అంగుళాల పఫ్ ప్యానెల్, పైన ఏసీ తప్పదు. పైకప్పు మీద ఆరు సోలార్ పలకలు పడతాయి, మంచి ఎండకు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. రాత్రి ఏసీకి గంటకు ఒక యూనిట్ వేసుకున్నా సరిపోతుంది. పిల్లలు ఎగిరి గంతేశారు. నేనన్నాను: "బండి ఎక్కడ ఆపుతర్రా? చింతచెట్టు కింద ఆపితే పలకల మీద నీడ పడి కరెంటు రాదు. ఎండల ఆపితే కరెంటు వస్తది గని ఇల్లు కాలుతది." దానికి ఇప్పటిదాకా వాళ్ల దగ్గర జవాబు లేదు.

మాట వరసకు ఏసీ అన్నాను గానీ, అసలు లారీ నడిపే మనిషికి ఏసీ ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకే క్యాబిన్లో ఏసీ ఉండాలని రూలు పెట్టారు. అంతకు ముందు ఇంజను వేడి పక్కన, తడిగుడ్డ మెడకు చుట్టుకుని దేశాన్ని మోసింది డ్రైవర్లే. లారీలో కాపురం కొత్త సంగతి అనుకునేవాళ్లు వాళ్లను ఒకసారి తలుచుకోవాలి. సీటు వెనక బెర్తు, దేవుడి పటం, కిరసనాయిలు పొయ్యి, బియ్యం సంచి, క్లీనర్ పిల్లవాడికి లారీ కిందే ఉయ్యాల. నెలకు ఇరవై రోజులు అదే ఇల్లు. ఎవరూ వీడియో తీయలేదు, అంతే.

మరి చట్టం? ఆటోనగర్‌కు పోయి, పాత లారీ ఇచ్చి, ఇల్లు కట్టమంటే మనవాళ్లు కట్టలేరని కాదు. కట్టి ఇస్తారు, రవాణా శాఖవాళ్లు రోడ్డెక్కనివ్వరు. తయారీదారు ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది మారిన మోటారు వాహనాల చట్టంలో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ అని రాశారు. దారి లేకపోలేదు. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్‌ను కేంద్రం 2004లోనే సొంత బండ్ల జాబితాలో చేర్చింది. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్ 124 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. ఆ ప్రమాణానికి తగ్గట్టు కట్టే చోట కట్టించి, పరీక్ష చేయించి, క్యారవాన్‌గానే రిజిస్టర్ చేయించుకోవాలి. ఖర్చు గురించి పిల్లలు అడిగారు. "మీ నాయనను అడుగుర్రి" అన్నాను.

రంగు దగ్గర కూడా జాగ్రత్త. మిలిటరీ లారీ మోజులో ఆలివ్ గ్రీన్ వేయించారనుకోండి, ఆ రంగు రక్షణ శాఖకు తప్ప ఎవరికీ లేదు. పవన్ కల్యాణ్ ప్రచార రథం వారాహి వచ్చినప్పుడు ఈ రంగు మీద ఎంత రచ్చ జరిగిందో గుర్తుందిగా? చివరికి అది ఆ ఆకుపచ్చ కాదని తెలంగాణ రవాణా శాఖవాళ్లు తేల్చారు. 2023 జనవరిలో కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించుకుని రోడ్డెక్కింది.

రథాలంటే మన తెలుగువాళ్లకు అసలు రథం ఒకటుంది. 1982లో ఎన్టీ రామారావుగారు పార్టీ పెట్టి బయలుదేరిన చైతన్య రథం. అది బరువు లారీ ఏం కాదు, ఎప్పటిదో పాత షెవర్లే వ్యాను. నడిపింది కొడుకు హరికృష్ణ. ఊరూరా బండి మీదికెక్కి మాట్లాడటం, అందులోనే నడుం వాల్చడం, రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. సినిమాల్లో దేవుడి వేషాలు కట్టిన మనిషి పొలం గట్టున ఒళ్లు రుద్దుకుంటుంటే జనం నోరు తెరిచి చూశారు. 1983 జనవరికల్లా ఆయన ముఖ్యమంత్రి. ఇప్పుడు మన సినిమావాళ్లకు బస్సంత క్యారవాన్లున్నాయి. అల్లు అర్జున్ 2019లో తీసుకున్నదానికి ఫాల్కన్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. కానీ అవి షూటింగు గేటు లోపల ఆగుతాయి, రథం మాత్రం ఊరి నడిబొడ్డున ఆగేది. ఎక్కడ ఆగినా అక్కడ మనుషులు ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు పని ఉంది.

కట్టె వేయండి, ఆరిపోతోంది.

నా ఎరుకలో లారీలో నిజంగా కాపురమున్నవాళ్లు బోరుబండి మనుషులు. ఎండాకాలం మన పక్క చెల్కల్లో బోరు వేయించని రైతు లేడు. ఏజెంటుకు ఫోను చేస్తే రాత్రికి రెండు లారీలు దిగుతాయి. ఒకటి రిగ్గు, ఇంకొకటి రాడ్లు, డీజిలు, వంట సామాను మోసే లారీ. బండి మీద ఊరి పేరు చూడండి, చాలావాటి మీద తిరుచెంగోడు అనే ఉంటుంది. తమిళనాడులో నామక్కల్ జిల్లా ఊరు. దేశమంతా బోర్లు వేసే బండ్లు చాలావరకు అక్కడి నుంచే బయలుదేరుతాయి. డ్రిల్లరు తమిళాయన, కూలీలు ఛత్తీస్‌గఢ్, ఒడిశా పిల్లలు. పదిమంది దాకా ఉంటారు. నెలల తరబడి వాళ్ల ఇల్లు ఆ రెండో లారీ. రాడ్ల మీద బట్టలు ఆరేస్తారు, టైరు పక్కన పొయ్యి పెడతారు, పరుపులు పైనే. పగలంతా రాతి దుమ్ములో తడిసి, రాత్రి కంప్రెషర్ హోరులోనే ఒకడు నిద్రపోతాడు, ఇంకొకడు రాడ్డు మారుస్తాడు.

మా చిన్నాయన చేనులో బోరు వేసినప్పుడు ఒక డ్రిల్లరును అడిగాను, "ఇంటికెప్పుడు పోతవన్నా?" అని. వచ్చీరాని తెలుగులో "పొంగల్‌కి" అన్నాడు. అప్పటికి ఉగాది కూడా రాలేదు. మళ్లీ పొంగల్ అంటే ఎంత దూరం! మాటల్లో ఆయన అన్నదొకటి నాకు ఇంకా చెవిలో ఉంది. "మాకు జాగా కష్టం లేదు. ఎక్కడ పోయినా రైతే పిలుస్తాడు, రైతే నీళ్లిస్తాడు. నీళ్లు పడితే కోడి కూడా ఇస్తాడు. పడకపోతే" అని చేయి తిప్పి ఊరుకున్నాడు. ఆ రాత్రి మా చిన్నాయనకు నాలుగు వందల అడుగుల దాకా దుమ్మే లేచింది. అయినా పిన్ని వాళ్లకు అన్నం వండి పంపింది. అడిగితే, "పాపం, వాళ్లేం జేస్తరు, భూమిల లేకుంటె?" అంది.

లారీలో కాపురానికి రెండో సాక్ష్యం మన మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మ జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. ఒకప్పుడు ఎడ్లబండ్లు, వెనక ట్రాక్టర్లు, డీసీఎంలు, లారీలు. పరకాల మీదుగా పోయే బండ్లను చూడాలి ఆ వారం. తాడిపత్రి గుడారం, కింద గడ్డి పరుపు, మూలకు బంగారం అని పిలుచుకునే బెల్లం ముద్దలు, తాళ్లకు కట్టిన మేక, బుట్టలో కోళ్లు, ముసలవ్వ, ఉయ్యాల్లో పసిగుడ్డు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం తప్పు, ప్రమాదం కూడా, నేను సమర్థించడం లేదు. కానీ ఆ బండి మేడారం పొలాల్లో ఆగాక చూడండి. చక్రాల కింద రాళ్లు పెడతారు, పక్కన మూడు రాళ్ల పొయ్యి, జంపన్నవాగులో స్నానం, నాలుగు రోజుల కాపురం. అడవి మొత్తం ఊరైపోతుంది. ఇక్కడెందుకు ఆపారని అడిగేవాళ్లుండరు. తల్లులు పిలిచారు, వచ్చారు, అంతే లెక్క.

ఇప్పుడు మా పిల్లల లారీ దగ్గరికి వద్దాం. రామారావుగారి రథానికి జనం ఉన్నారు, బోరుబండికి రైతు ఉన్నాడు, జాతర బండికి తల్లులున్నారు. ఊరికే తిరుగుదామని బయలుదేరిన లారీని ఆపమనేవాళ్లు ఎవరు? రాత్రి తొమ్మిదింటికి ఏదో ఊరి బయట పది టైర్ల బండి ఆపి లోపల లైటు వేసుకుంటే, ముందు కుక్కలొస్తాయి, తర్వాత కుర్రాళ్లొస్తారు, ఆ తర్వాత పోలీసు జీపొస్తుంది. తప్పు ఎవరిదీ కాదు. మన దగ్గర లారీ ఆగిందంటే ఇసుకో, బియ్యమో, ఏదో ఒక కథ ఉండాలి. ఏ కథా లేదంటే నమ్మరు. కేరళవాళ్లు 2021లో క్యారవాన్ విధానం తెచ్చినప్పుడు బండ్లతో పాటు అవి ఆగే పార్కుల సంగతి కూడా రాసుకున్నారు. తెలివైన పని. నా మటుకు నాకు ముందు ఆగే జాగా కట్టి, ఆ తర్వాతే బండి కట్టాలనిపిస్తుంది.

ఇంత చెప్పినా మీలో ఎవరికో ఇంకా మోజు తీరలేదని మొహం చూస్తే తెలుస్తోంది. సరే, ఎప్పుడైనా అట్లాంటి బండి కట్టుకుని మా వైపు వస్తే దారి చెబుతాను. చలికాలంలో రండి. పరకాల దాటి భూపాలపల్లి రోడ్డు పట్టుకుంటే రేగొండ దగ్గర పాండవుల గుట్టలు, గుహల్లో ఏనాటివో ఎర్ర రంగు బొమ్మలు. అక్కడి నుంచి గణపురం కోటగుళ్లు. కాకతీయుల కాలపువి, రామప్ప అంత పేరు రాలేదు గనక ప్రశాంతంగా చూడవచ్చు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు, సెలవు రోజున పెద్ద బండితో పోకండి. ఆ పైన కాళేశ్వరం, గోదావరి. లోపలి ఊళ్లలో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. మీ కప్పు మీద సోలార్ పలకలున్నాయి కాబట్టి ఒక మనిషి దిగి ముందు నడవాలి.

రాత్రికి ఆగాలంటే పొద్దు గూకక ముందే ఊళ్లోకి పోయి ఎవరింటి ముందన్నా నిలబడి అడగండి. "పెద్దనాయనా, రాత్రికి మీ చేన్ల బండి పెట్టుకుంటం" అంటే వద్దనేవాళ్లు తక్కువ. కాకపోతే చాయ్ తాగి పొమ్మంటారు, బండి లోపల చూపించమంటారు, ఇంటిల్లిపాదీ ఎక్కి మంచం నొక్కి చూస్తారు. చూపించండి. పత్తి ఏరేసి కట్టె పీకేసిన చేను దొరుకుతుంది. అయితే అది చెల్కా, రేగడా అని ముందు కనుక్కోండి. చెల్క అయితే దిగులు లేదు. రేగడిలో రాత్రి నాలుగు చినుకులు పడితే చాలు, తెల్లారేసరికి పది టైర్లూ ఇరుసుదాకా దిగబడి ఉంటాయి. అప్పుడు రెండు ట్రాక్టర్లు కావాలి. ట్రాక్టరాయన ఎంత అడిగితే అంత ఇచ్చేయండి, బేరం పెట్టారంటే ఆయన ముందు ఎడ్లకు మేత వేసి వస్తానంటాడు.